మామ్మ గేట్ పాసు

మామ్మ ఎవరింటి తలుపూ తట్టేది కాదు. ముందు ఒక వేపమండ లోపలికి వచ్చేది. దాని వెనక సన్నటి చెయ్యి, ఆ వెనక గొంతు: "ఏటే, ఇంకా పడకేనేటి?" మనిషి కనబడేది అన్నిటికంటే ఆఖరున. మొహం నిండా మశూచి మచ్చలు. నవ్వితే ఆ మచ్చలన్నీ ఒక పక్కకి జరిగి, నవ్వు అయిపోయాక మళ్ళీ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టుండేది.

మొన్న గురువారం విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఫ్యాక్టరీ పని ముగించుకుని, ఖరగ్‌పూర్‌లో మా ఇళ్ళ వైపు పూరీ గేట్ దగ్గర టోటో రిక్షా దిగాను. అమ్మ ఎదురొచ్చింది. ఎప్పుడూ రాదు.

"మామ్మ ఎలిపోనాదే," అంది.

నేను అడిగిన మొదటి మాట, "జ్వరమా?"

"జొరం ఏటీ నేదు. అన్నం తిన్నాది, కిటికీకాడ కూకున్నాది. కూకున్నట్టే పోనాది."

జ్వరం కాదని విన్నాక నాకు ఊపిరి ఆడింది. నాలుగు అడుగులు వేశాక, అలా ఊపిరి ఆడినందుకు సిగ్గేసింది. ఎందుకో రాయాలి. రాస్తానని ఆవిడకి చాలాసార్లు చెప్పాను.

ఆవిడ పేరు రాయను. మా ఇళ్ళ లైనులో ఆ పేరుతో పిలిచినవాళ్ళెవరూ లేరు. మనవాళ్ళకి మామ్మ, బెంగాలీలకి మాసీమా. వాళ్ళ ఇల్లు మా ఇంటికి మూడిళ్ళ అవతల. కొడుకు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. నేను బాబాయ్ అంటాను, ఆయన భార్యని పిన్ని అంటాను. చుట్టరికం లేదు, వరస ఉంది.

మామ్మకి ఐదేళ్ళప్పుడు పెద్దమ్మవారు, అంటే మశూచి, పోసిందట. శ్రీకాకుళం అవతల పల్లె. ఇంట్లో ఇంకా పసిపిల్లలున్నారని ఆవిణ్ణి పెరటి పాకలో పడుకోబెట్టి తడిక వేసేశారు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మారేది కాదు.

"తడిక సందులోంచి మాయమ్మ కాళ్ళు కనబడీవి. వచ్చీవి, ఆగీవి, ఎలిపోయీవి. మూడో నాడు ఒక ముసలోడు తడిక తీసీసి లోపలికొచ్చినాడు. ఆడికి ఎప్పుడో వచ్చి పోనాదంట. వేపాకుతో ఇసిరినాడు, గంజి పట్టినాడు. ఆడి మొకం నాకు గేపకం నేదే. సెయ్యి గేపకం."

అక్కడ ఆగి, మన నుదుటి మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి ఇలా ఉండేదని చూపించడానికన్నట్టు.

మా వాళ్ళలో అదొక పద్ధతి. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. ఇంట్లో తాలింపు వెయ్యరు. బయటివాళ్ళు గడప దాటకూడదు. ఇంతకుముందు వచ్చి తగ్గినవాళ్ళు మాత్రం దాటవచ్చు, ఎందుకంటే అమ్మవారు ఒకరి దగ్గరికి రెండోసారి రాదు. మామ్మకి పెద్దమ్మవారు ఊళ్ళో, చిన్నమ్మవారు ఖరగ్‌పూర్ వచ్చాక, రెండూ అయిపోయాయి. అందుకని మా లైనులో ఏ ఇంట్లో పిల్లకి ఒళ్ళు పేలినా మామ్మకే కబురు.

ఆ కబురు కోసం ఆవిడ ఎంత ఎదురుచూసేదో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన మనిషి అత్తగారు ఉన్నంతకాలం వీధిలోకి రాలేదు. తర్వాత ఆపడం భర్త వంతు, ఆయన పోయాక కొడుకు వంతు. బాబాయ్ చెడ్డవాడేమీ కాదు. ఈ వయసులో ఇంటింటికీ తిరిగితే లైనులో ఏమనుకుంటారని భయం. గుడికైనా పిన్ని వెంట వెళ్ళాలి, పిన్నితోనే తిరిగి రావాలి. కాని గేటు దగ్గర నిలబడి, "మామ్మా, మా పిల్లకి ఒళ్ళు కాలిపోతంది," అని ఎవరైనా అంటే ఆపే ధైర్యం బాబాయ్‌కీ లేదు. అమ్మవారి పిలుపుని గుమ్మంలోంచి తిప్పి పంపరు.

"సైరన్ కొట్టకముందు వర్క్‌షాప్ గేటు దాటాలంటే పాసుండాల గదా," అనేది మామ్మ. "నా పాసేటంటే ఎవులికో ఒకలికి జొరం రావాల. ఎంత పాపిష్టిదాన్నే!" అని మచ్చలన్నీ కదిలేలా నవ్వేది.

పాసు దొరికితే గంటలో వచ్చే మనిషి కాదు. జ్వరం దిగినా దిగలేదనేది. తిరిగొచ్చేటప్పుడు పట్టాల పక్కన ఆగి, పోయే బండికి పెట్టెలెన్నో లెక్కపెట్టేది. ఇంటికొచ్చి ముందు ఆ లెక్క చెప్పేది, తర్వాత రోగి సంగతి. ఒకసారి సుభాష్‌పల్లి దాకా వెళ్ళి మూడిళ్ళలో టీ తాగి వచ్చింది. పిన్ని అడిగితే, "ముగ్గురికి జొరం," అంది, తడుముకోకుండా.

ఆ తర్వాత వానాకాలాల్లో మా వైపు డెంగ్యూ ఎక్కువైంది. మామ్మకే వచ్చింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. టోటోలో తిరిగొచ్చిన రోజు దిగీ దిగకముందే లైనంతా వినబడేలా ప్రకటించింది: "దీని పని కూడా అయిపోనాది!"

డెంగ్యూని ఆవిడ అమ్మవారి పద్దులో వేసుకుంది. వచ్చి పోయింది కనక ఇక రాదు. మరుసటి ఏడు డెంగ్యూ ఇళ్ళలోకీ వేపమండతో వెళ్ళడం మొదలుపెట్టింది. తడిగుడ్డ వెయ్యడం, గంట గంటకీ నీళ్ళు తాగించడం, ఒంటి మీద ఎర్రచుక్కలు కనబడితే ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఇంటాయన ప్రాణం తియ్యడం. అంతవరకూ మంచిదే. అయితే ఆ ఇళ్ళలో తాలింపు కూడా మాన్పించేది. పక్క వీధి బెంగాలీ దాదా ఒకాయన జ్వరం తగ్గిన రోజున మంచం మీంచే చేతులు జోడించి, "మాసీమా, ఒక్క చేపముక్క వేయించుకోనివ్వండి," అని బతిమాలాడు. "ఠీక్ హై, కల్," అంది మామ్మ. ఆ రేపు నాలుగు రోజులకి వచ్చింది.

ఆ ఏడే నాకూ వచ్చింది. కళ్ళ వెనక నొప్పి, ఎముకలన్నీ విరిచి మళ్ళీ కట్టినట్టు. ఆరు రోజులు మామ్మ నా పక్కనే కూర్చుంది. నేను ఎక్కువ మాట్లాడను. ఆవిడకి అది నచ్చేది. తనే అన్నీ చెప్పుకోవచ్చు. ఏడో రోజు పొద్దున ఒళ్ళు చల్లబడింది. మామ్మ నుదురు ముట్టుకుని చూసి, వంటింటివైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"మీ యమ్మతో తల తిరగతందని సెప్పీ. ఇంకో రెండ్రోజులు వొస్తాను."

చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా నా నోట ఎప్పుడూ రాలేదు.

మామ్మ రావడం మానేశాక అమ్మ నన్ను పగలు కూడా దోమతెరలోనే కూర్చోబెట్టింది. నెల రోజులు తెరలోంచే గోడని, అన్నాన్ని, అమ్మని చూశాను. డైరీ ఒకటీ, పేవ్‌మెంట్ మీద కొన్న పాత సూక్ష్మజీవశాస్త్రం పుస్తకం ఒకటీ లోపల ఉండేవి. నాకు మళ్ళీ వస్తుందా రాదా అని తెలుసుకోవడానికే ఆ పుస్తకం తెరిచాను.

అర్థమైనంత రాస్తాను. ఒంట్లోకి వచ్చిన వైరస్‌ని రక్తం గుర్తు పెట్టుకుంటుంది. కొన్ని కణాలు ఆ గుర్తుని ఏళ్ళ తరబడి దాస్తాయి. అదే మళ్ళీ వస్తే గుమ్మంలోనే పట్టేస్తాయి. అమ్మవారి విషయంలో మనవాళ్ళు కనిపెట్టినది ఇదే, అది నిజమే. కాని డెంగ్యూ వైరస్‌లు నాలుగు. నాలుగూ దగ్గరి చుట్టాలు. పోలికలు కలుస్తాయి, మనుషులు వేరు. మొదట వచ్చినదాని జ్ఞాపకమే రక్తంలో గట్టిగా నాటుకుంటుంది. కొన్ని నెలలు ఆ జ్ఞాపకమే మిగతా మూడింటినీ ఆపుతుంది, తర్వాత పలచబడుతుంది. అప్పుడు ఇంకో రకం వస్తే రక్తం దాన్ని పాతదే అనుకుని పాత ఆయుధాలు తీస్తుంది. అవి వైరస్‌కి అంటుకుంటాయి గాని చంపలేవు. పైగా ఆ అంటుకున్నదాన్నే ఆసరా చేసుకుని వైరస్ కొన్ని కణాల్లోకి ఇంకా సులువుగా దూరుతుంది. అందుకే రెండోసారి కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. అందరికీ కాదు. చాలామందికి మామూలుగానే తగ్గుతుంది. ప్రమాదం పెరుగుతుంది, అంతే.

నా గురించి చదవడం మొదలుపెట్టాను. పేజీ ముగిసేసరికి మామ్మ గురించి భయం పట్టుకుంది. తనకి ఇక రాదనే ధైర్యంతో ఇంటింటికీ తిరుగుతోంది.

తర్వాతి వానలకి మామ్మ మళ్ళీ వేపమండ పట్టాక, ఒక రోజు ఆవిడ మా గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే ఆపాను.

"మామ్మా, డెంగ్యూ మళ్ళీ వస్తుందట."

"ఎవులికి?"

"ఒకసారి వచ్చినవాళ్ళకే. అది ఒకటి కాదు, నాలుగున్నాయి. అక్కచెల్లెళ్ళలాగ. వర్క్‌షాప్ గేటు దగ్గర అన్న పాసు చూపించి తమ్ముడు లోపలికి పోయినట్టు..."

"నాలుగే! ఒక్క తోడికోడలితోనే ఏగనేకపోనాను," అంది మామ్మ. నా బుగ్గ గిల్లి, వేపమండ ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఎదురు మాట్లాడి ఒప్పించడం నాకు చేతకాదు. రాయడం వచ్చు. డైరీలోంచి ఒక కాగితం చింపి, విడి విడి అక్షరాలతో రాశాను. డెంగ్యూ నాలుగు రకాలు. ఒకటి వచ్చి తగ్గితే ఆ రకం మళ్ళీ రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి ప్రమాదం ఎక్కువ కావచ్చు. పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. అంతే, ఐదారు వరసలు. పిన్ని చేతిలో పెట్టి, ఆవిడ చదవడం ముగించకముందే వచ్చేశాను.

మర్నాటికి ఆ కాగితం వాళ్ళ వీధి తలుపు పక్క గోడకి అంటించి ఉంది. వరండా గ్రిల్‌కి తాళం.

"మంచి పని సేసినావమ్మా," అన్నాడు బాబాయ్ నన్ను చూసి. "జొరం ఇళ్ళకి ఎల్లకుండా ఆపడానికి నా దగ్గిర మాట నేకపోనాది ఇన్నాళ్ళూ."

గేటు దగ్గరికి వచ్చినవాళ్ళకి పిన్ని ఆ కాగితం చూపించేది. డాక్టరు రాసిచ్చాడనేది. అమ్మవారి పిలుపుని కాదనలేకపోయిన ఇల్లు, నా కాగితాన్ని అడ్డుపెట్టి అందర్నీ కాదంది. నేను రాసినది ఒకరు గోడకి అంటించడం అదే మొదటిసారి. దాటి వెళ్తూ నా అక్షరాలు చూసుకుని లోలోపల సంతోషించాను కూడా. ఇది దాచి రాస్తే ఈ రాత ఎందుకు?

తప్పు ఎక్కడ జరిగిందో వారం తర్వాత తట్టింది. డెంగ్యూ రోగి పక్కన కూర్చుంటే అంటుకోదు, చెయ్యి పట్టుకుంటే అంటుకోదు. దోమ కుట్టాలి, అదీ ఎక్కువగా పగలు. ఆ దోమకి నిలవ నీళ్ళున్న ఇల్లు చాలు, రోగి ఇల్లే కానక్కర్లేదు. జాగ్రత్త అంటే కూలర్లలో, కుండీల్లో నీళ్ళు ఒంపడం, ఒంటినిండా బట్ట వేసుకోవడం, జ్వరం వస్తే వెంటనే చూపించుకోవడం. అది అందరికీ తెలుసనుకుని నేను రాయలేదు. వాళ్ళేమో నా ఐదు వరసలు చదివి, మిగతాది అమ్మవారి పద్ధతిలోంచి పూరించుకున్నారు. వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదని వెళ్ళారు ఇన్నాళ్ళూ. ఇప్పుడు మళ్ళీ వస్తుందట కనక గడప దాటకూడదు.

ఒక ఆదివారం వాళ్ళ ఇంటి పక్క నుంచి వెళ్తుంటే కిటికీలోంచి పిలిచింది.

"గోడ మీద నా మీద ఏదో రాసినారంట. నాకు సదువు రాదు గదా. నువ్వు సదివి సెప్పు."

తలుపు దగ్గరికి వెళ్ళి నా అక్షరాలు నేనే చదివి వచ్చి, కిటికీ బయట నిలబడి అప్పజెప్పాను. మామ్మ ఊచలు పట్టుకుని చివరిదాకా వింది.

"బాగుంది. దోమ గురించి నేదేటి?"

"లేదు."

"మరి దోమ ఈ కిటికీలోంచి రాదేటి? దానికి గేట్ పాసు అక్కర్నేదు గదా?" కిటికీ కింద బయట పాత కూలర్ ఉంది, సగం నీళ్ళతో. మామ్మ వేలు దానివైపు చూపించింది. "అదిగో, దాని కోర్టర్సు."

వంగి కూలర్‌లోకి చూశాను.

"ఆ ముక్క కూడా రాసీయే," అంది. "డాట్రుకి సెప్పక్కర్నేదు. నువ్వే రాయి. మొదటిది రాసినట్టే."

అప్పుడు తెలిసింది, ఆవిడకి తెలుసని. కోపం ఏ మూలైనా ఉందేమోనని మొహంలో వెతికాను. కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది.

"రాస్తాను మామ్మా."

ఆ రోజు చేసిన పని ఒక్కటే. ఆ కూలర్ నీళ్ళు ఒంపేశాను. తర్వాత ప్రతి ఆదివారం ఒంపాను. కాగితం మాత్రం రాయలేదు.

రాయకపోవడానికి కారణాలు డైరీలో చాలా ఉన్నాయి. రాస్తే మళ్ళీ వెళ్తుంది. వెళ్ళిన ఇళ్ళలో దోమలు లేకుండా ఉంటాయా? నిజంగానే రెండోసారి వస్తే, ఈ వయసులో తట్టుకుంటుందా? అప్పుడు చంపింది నా రెండో కాగితం అవుతుంది. ఇక్కడ కూర్చుంటే కనీసం బతికి ఉంటుంది. ఇవన్నీ అబద్ధం కాదు. కాని వీటి కింద ఇంకొకటి ఉంది. బాబాయ్ ముందు నిలబడి, నేను రాసినది సగమే, తప్పుగా అర్థమయ్యేలా రాశాను అని చెప్పాలి. ఆ మాట తలుచుకుంటేనే డైరీ మూసేసేదాన్ని.

నేను అటు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి గొంతు. "రాసినావేటి?"

"రాస్తున్నాను మామ్మా."

"అంత పెద్ద పొస్తకమేటే!"

మరో ఏడు వానలకి అడగడం మానేసింది. మచ్చల మొహం ఊచల వెనక ఉండేది. పట్టాలు అక్కణ్ణించి కనబడవు. బండి చప్పుడు విని, "ఇరవై రెండుంటాయి," అనేది, ఎవరితోనూ కాకుండా.

మొన్నటి వానల్లో ఒక సాయంత్రం నేను కూలర్ దగ్గర ఉండగానే, ఎదురింటి కోడలు గేటు దగ్గరికి వచ్చింది. ఆమె కూతురికి మూడో రోజు జ్వరం. పిన్ని గోడవైపు చూపించింది. ఆమె తల దించుకుని వెళ్ళిపోయింది. మామ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో వేపమండ. పెరట్లో చెట్టుది, ఎప్పుడు తెంపుకుందో. ఊచల సందులోంచి దాన్ని నా చేతిలో పెట్టింది.

"నువ్వెల్లు. మూడో నాడంట. ఎవులో ఒకలు తడిక తియ్యాల గదే."

నేను రెండడుగులు వేశాను. మా గుమ్మంలోంచి అమ్మ కేక వేసింది, అటు ఎటు పోతున్నావని. ఆగిపోయాను.

"పోనీలే, వొచ్చీ," అంది మామ్మ వెనక నుంచి. "నీకూ ఒకసారొచ్చి పోనాది. మనిద్దరికీ ఒకటే కాయితం."

వేపమండ కూలర్ మీద పెట్టి ఇంటికొచ్చేశాను. ఎదురింటి పిల్ల ఆసుపత్రికి వెళ్ళి, తగ్గి, తిరిగొచ్చింది. మామ్మకి ఆ ఏడూ డెంగ్యూ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నేను రాసినది తప్పు కాదు. ఆవిడ భద్రంగా, కిటికీ దగ్గర, కూర్చున్నట్టే పోయింది.

నిన్న పిన్ని దగ్గరికి వెళ్ళాను. వరండా గ్రిల్ తాళం తీసి ఉంది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. పిన్ని ఏడ్చి ఏడ్చి ఉంది. గోడవైపు చూసి, "ఇంకెందుకమ్మా అది, తీసీ," అంది.

కాగితం పసుపురంగుకి తిరిగింది. గోళ్ళతో మెల్లగా లాగితే వెనక సున్నంతో సహా ఊడి వచ్చింది. గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. ఇంటికి తెచ్చి డైరీలో చిరిగిన అంచు పక్కన పెట్టాను. సరిగ్గా అతికింది.

పైన నా ఐదారు వరసలు. కింద సగం కాగితం ఖాళీ. ఇన్నేళ్ళూ ఆ గోడ మీద అలా ఖాళీగానే ఉంది. చోటు లేక రాయలేదని అనడానికి లేదు.

పెన్ను తీసి ఆ ఖాళీలో మొదలుపెట్టాను. రోగి చెయ్యి పట్టుకుంటే డెంగ్యూ అంటుకోదు. దోమ కుడితే వస్తుంది. దోమకి గేట్ పాసు అక్కర్లేదు. ఇంట్లో నీళ్ళు ఒంపండి, మనిషికి తలుపు తీయండి.

రాసినాను, మామ్మా.